కాథోడ్ మేడం

మేడం పోయారన్న సంగతి నాకు మా కాలేజీ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గ్రూపు అని పేరేగాని అందులో మామూలుగా మాట్లాడేది ప్రిన్సిపాల్ ఒక్కడే. రేపు ఏ సెక్షన్‌కి స్లిప్ టెస్ట్, ఇవాళ ఎవరు లేటు, ఎవరికి జీతం కోత, ఇవే అక్కడి కబుర్లు. ఆ ఉదయం కూడా ముందు ఆయనే పెట్టాడు: "విద్యారంగానికి తీరని లోటు." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు పడ్డాయి. లెక్కల సార్లు, జువాలజీ మేడం, హాస్టల్ వార్డెన్, చివరికి ఆవిడ మొహం ఎన్నడూ చూడని కొత్తవాళ్లు కూడా. తీరని లోటట! ఆ లోటు ఎవరు చేశారో చెప్పమంటే ఆ గ్రూపులో ఒక్కరి నోరూ పెగలదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను జేబులో పడేసి, టిఫిన్ కూడా చేయకుండా నాచారం బయల్దేరాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను చదివింది తెలుగు ఎమ్మే. ఉప్పల్లో మా జూనియర్ కాలేజీలో చెప్పేది సంస్కృతం. తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గుతాయని తెలుగు సెక్షన్లు ఎత్తేసి, ఉద్యోగం కావాలంటే సంస్కృతం చెప్పుకోమన్నారు. చెప్పుకుంటున్నాను. నేను చేరిన మొదటి వారంలోనే స్టాఫ్ రూంలో మేడం నన్ను ఎగాదిగా చూసి అడిగారు.

"మీరు సదివింది ఏంది సారూ?"

"తెలుగండీ."

"చెప్పేది?"

"సంస్కృతం."

"పిల్లలు పరీక్షల రాసేది?"

"ఇంగ్లిష్‌లో రాసినా మార్కులు వేస్తారండీ."

ఆవిడ టిఫిన్ బాక్స్ మూత పెట్టి పకపకా నవ్వారు. "మీదంత ఉల్టా కనెక్షన్ సారూ!" ఆ రోజు నుంచి ఆవిడకి నేను "సంస్కృతం సార్"ని. పిలిచిన ప్రతిసారీ ఆ మాటలో కొంచెం వెక్కిరింపు ఉండేది. ముందు ఉక్రోషం వచ్చేది. తర్వాత అలవాటై, ఆవిడ పిలవని రోజు ఏదో వెలితిగా ఉండేది.

మనిషి పొట్టి, గొంతు మాత్రం మూడో అంతస్తు నుంచి కింద చెప్పుల షాపు దాకా వినపడేది. గంజి పెట్టిన నేత చీర. మెళ్లో వేసుకోవాల్సిన ఐడీ కార్డుని మెళ్లో వేసుకోకుండా, ల్యాబ్‌లో వైర్లకు పెట్టే పళ్ల క్లిప్పుతో భుజం మీద చీరకి తగిలించేవారు. బ్యాగులో ఎప్పుడూ ఒక లాడం అయస్కాంతం. ఇంటి తాళాలు, పిన్నీసులు, చెంచా అన్నీ దానికి అతుక్కుని ఒకే ముద్దగా బయటికి వచ్చేవి. అందులోంచి తనకి కావలసింది ఊడదీసుకుంటూ ఎవరినో ఒకరిని తిట్టేవారు.

మంచి మనిషి అని రాసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఆవిడ నోరు మంచిది కాదు. కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ "ఎలక్ట్రిసిటీ పాస్ అవుతుంది" అంటే "బస్సు లెక్క పాసైతదా?" అని పిల్లల ముందే గాలి తీసేవారు. ఎవరి ఇంట్లో పెళ్లికీ వెళ్లేవారు కాదు. పిల్లలు బాగా రాస్తే మెచ్చుకోవడం ఆవిడ వల్ల అయ్యేది కాదు, "ఊ" అని ఊరుకునేవారు. ఆ "ఊ" కోసం పిల్లలు చచ్చేవారన్నది వేరే సంగతి. వాళ్లే ఆవిడకి కాథోడ్ మేడం అని పేరు పెట్టారు. ఎందుకంటే ఏడాది మొదటి క్లాసు ఎప్పుడూ ఆ మాట దగ్గరే మొదలయ్యేది.

ఆ క్లాసు నేను ఒకసారి గుమ్మంలో నిలబడి విన్నాను. మా కాలేజీ, మెట్రో స్తంభాల పక్కన ఒక షాపింగ్ కాంప్లెక్స్ పై అంతస్తుల్లో ఉంది. పిల్లలు బయటికి చూస్తే చదువు పాడవుతుందని క్లాసు రూముల కిటికీలన్నిటికీ ప్లైవుడ్ కొట్టించారు. హాస్టల్ పిల్లలు తినేదీ పడుకునేదీ చదివేదీ ఆ బిల్డింగ్‌లోనే. మేడం లోపలికి వచ్చి, హాజరు తీసుకోకుండా, బోర్డు మీద ఏమీ రాయకుండా అడిగారు.

"తూర్పు ఎటు?"

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఒకడు బోర్డు వైపు చూపించాడు, ఒకమ్మాయి తలుపు వైపు, ఇంకొకడు పైనున్న ట్యూబ్‌లైట్ వైపు. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

"పొద్దు ఎటు పొడుస్తదో ఎరుక లేకుంట ఐఐటీకి పోతరా బిడ్డా?" అని చెయ్యి ఘట్‌కేసర్ వైపు చాపారు. "గది తూర్పు. ఎక్కుడు తొవ్వ." తర్వాత చెయ్యి తిప్పి హబ్సిగూడ వైపు చూపించారు. "గిది పడమర. దిగుడు తొవ్వ. యానోడు అంటే ఎక్కుడు తొవ్వ, కాథోడు అంటే దిగుడు తొవ్వ. గంతే. ప్లస్సు మైనస్సు అని ఎవడన్న జెప్తె గవి వేరే ముచ్చట్లు."

తర్వాత స్టాఫ్ రూంలో నేను వివరం అడిగితే ఓపిగ్గా చెప్పారు. ఓపిగ్గా చెప్పడం ఆవిడకి అరుదు కాబట్టి నాకు బాగా గుర్తుండిపోయింది. ఈ మాటలు పుట్టిన కాలంలో తీగలో పారేది ఏమిటో, ఎటు పారుతుందో ఎవరికీ తెలియదట. తెలియనప్పుడు దేనికి ఏం పేరు పెట్టినా రేపు అబద్ధం కావచ్చు. అందుకని గ్రీకు తెలిసినవాళ్లని అడిగి, సూర్యుడు పోయే దారిని ఆనవాలు పెట్టుకున్నారట. భూమి చుట్టూ సూర్యుడు పోయే దారినే కరెంటు పోతోందనుకో, అప్పుడు లోపలికి ఎక్కే చోటు తూర్పు, దిగి బయటపడే చోటు పడమర. పారేది ఏదైనా కానీ, పేరు మాత్రం తప్పు కాదు. తర్వాత ఎప్పటికో ఎలక్ట్రాన్లు బయటపడ్డాయి. అవి అనుకున్నదానికి ఎదురు దిక్కున పోతున్నాయని తేలింది. ఆ పాత పేర్లు మాత్రం నిలబడ్డాయి.

"మాకు ఎరుక లేదు అని ఒప్పుకొని పెట్టిన పేర్లు సారూ అవి. అందుకే నిలిచినయి," అన్నారు మేడం. అని వెంటనే నా మీద పడ్డారు. "మీ తెలుగోళ్లు మరి కాథోడ్‌ని ఋణధ్రువం అని ఎందుకు రాసిన్రు పుస్తకాలల్ల? టార్చిలైట్ బ్యాటరీల కాథోడు పాజిటివ్ దిక్కున ఉంటది. గాజు గొట్టానికి బయట నుంచి కరెంటు పెడితే నెగెటివ్ దిక్కున ఉంటది. మరి పేరుల్నే అబద్ధం పెడితే పోరగాళ్లు ఏం గావాలె?"

"నేను పెట్టలేదు మేడం."

"పెట్టినోళ్లు మీ చుట్టాలే గద. ఎక్కుడు తొవ్వ, దిగుడు తొవ్వ అంటే ఏం పోతుండె?"

ఏమీ పోయేది కాదు. ఆ రెండు మాటలు విని, తెలుగు చదువుకున్నందుకు నాకు చాలా ఏళ్ల తర్వాత సంతోషం కలిగింది. ప్రిన్సిపాల్‌కి మాత్రం ఇదంతా గిట్టేది కాదు. ఆయన లెక్కల మనిషి, కోస్తా నుంచి వచ్చినవాడు, మాట మెత్తన. "మేడం, కాథోడ్ నెగెటివ్ అని రాస్తే పిల్లాడికి మార్కు వస్తుందండీ. అంతవరకూ చెప్పండి, చాలు. మిగతాది వాడు ఇంజనీరింగ్‌లో చూసుకుంటాడు," అనేవాడు. మేడం "ఊ" అనేవారు. ఆయనకి ఆ "ఊ" అర్థం తెలియదు.

మూడో అంతస్తు చివర ల్యాబ్ అని ఒక గది ఉండేది. అందులో ఒక బీరువా, ఆ బీరువాలో పాత గుడ్డల మధ్య ఒక గాజు గొట్టం. గుమ్మడికాయకి తోక ఉన్నట్టు ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉండేది. లోపల గాలి తీసేసి, సన్నటి కొసన కాథోడ్‌గా చిన్న లోహపు బిళ్ల, మధ్యలో కూడిక గుర్తు ఆకారంలో కత్తిరించిన రేకు నిలబెట్టి ఉండేవి. తను చదువుకున్న కాలేజీ మూతపడి సామానంతా పాతసామాన్ల వాడికి పోతుంటే మేడం వెళ్లి దాన్ని అడిగి తెచ్చుకున్నారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారట. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

అది సిలబస్‌లో లేదు. అయినా ఏటా ఒకరోజు పిల్లలందరినీ ఆ గదిలోకి తీసుకెళ్లేవారు. కిటికీలకు కొట్టిన ప్లైవుడ్ వల్ల మా కాలేజీకి జరిగిన మేలు అదొక్కటే, గది చీకటిగా ఉండేది. నన్నూ పిలిచారు. "సంస్కృతం సారూ, మీరు గూడ రార్రి. పిల్లలను జర దూరం నిలబెట్టున్రి." గొట్టానికి కరెంటు పెట్టే కాయిల్ జుయ్యిమని మొదలైంది. కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత గొట్టం లావుపాటి వైపు గాజు మీద ఆకుపచ్చటి వెలుగు కమ్ముకొచ్చింది, దాని నడుమ ఆ రేకు నీడ కత్తిరించినట్టు పడింది. సన్నటి కొస నుంచి ఏదో తిన్నగా వస్తోంది, రేకు అడ్డం వచ్చింది, అందుకే నీడ. అంతే విషయం. మేడం బ్యాగులోంచి అయస్కాంతం తీసి దగ్గరికి తెచ్చారు. నీడ పక్కకి జరిగింది. పిల్లలందరూ ఒక్కసారి "హా" అన్నారు. నేనూ అన్నాను. యాభై దాటిన మనిషిని, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

"మేడం, ఇది ఎన్ని మార్కులకి?" అని వెనకనుంచి ఒకమ్మాయి అడిగింది.

"సున్న మార్కులు బిడ్డా. ఊకెనే సూడు," అన్నారు మేడం. తర్వాత లైటు వేసి, "ఇప్పుడు రాయున్రి. సూసింది రాయున్రి. సూడంది సూసిన అని రాయొద్దు," అన్నారు. ఆవిడ నేర్పిన ఫిజిక్స్ అంతా ఆ రెండు మాటల్లో ఉందని నా నమ్మకం.

ఇక మా సంస్థ ఆచారం ఒకటి చెప్పాలి. మాకు ఉప్పల్, పీర్జాదిగూడ, అన్నోజిగూడల్లో మూడు బ్రాంచీలు. ల్యాబ్ మాత్రం ఒక్కటే. అనుమతుల కోసం తనిఖీ కమిటీ ఏ బ్రాంచీకి వస్తుంటే ఆ పొద్దున యాదన్న ట్రాలీ ఆటోలో ల్యాబ్ అక్కడికి చేరుతుంది. బీకర్లు, తూనికలు, మైక్రోస్కోపులు, "ప్రయోగశాల" అని రాసిన బోర్డు, అన్నీ. జువాలజీ వాళ్ల అస్థిపంజరం విరిగిపోకుండా యాదన్న దాన్ని తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర జనం సెల్ఫీలు తీసుకునేవారు. స్టాఫ్ తక్కువ పడితే మమ్మల్నీ కాలేజీ వ్యాన్‌లో ఎక్కించి అక్కడ దింపేవారు. కమిటీ వెళ్లగానే అందరం, అన్నీ, తిరిగి ఉప్పల్. ఇందులో సిగ్గుపడాల్సింది ఉందని కూడా అందరూ మర్చిపోయారు.

ఒక్క మేడం మర్చిపోలేదు. ల్యాబ్ ఫలానా బ్రాంచీలో శాశ్వతంగా ఉన్నదని ల్యాబ్ ఇన్‌చార్జి సంతకం పెట్టాలి. ఇన్‌చార్జి ఆవిడే. ఉప్పల్‌కి పెట్టారు. మిగతా రెండింటికీ పెట్టలేదు.

"ఫార్మాలిటీ అండీ మేడం," అన్నాడు ప్రిన్సిపాల్, మేమందరం ఉండగానే.

"ఉప్పల్‌ల ఉన్నది, పెట్టిన. గక్కడ లేదు, ఎట్ల పెడ్త సార్?"

"పేరే కదండీ. ఎవరు చూస్తారు?"

"నా పేరు ఫార్మాలిటీ గాదు సార్."

ప్రిన్సిపాల్ ఆ సంతకాలు ఇంకొకరి చేత పెట్టించుకున్నాడు. మేడం పేరు ఆ రెండు బ్రాంచీల్లో ఎక్కడా పడలేదు. దాన్ని కాపాడుకోవడం ఆవిడకి పెద్ద పని అయిపోయింది, పిల్లల పాఠం అంత పెద్ద పని. సంతకం కావాల్సిన ప్రతి ఏడూ ఆవిడ క్లాసులు తగ్గుతూ వచ్చాయి. జీతం పెరగలేదు. ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు.

పీర్జాదిగూడ తనిఖీ రోజున మమ్మల్ని వ్యాన్‌లో తీసుకెళ్లారు. మేడంని తీసుకెళ్లలేదు. అక్కడ ల్యాబ్ గదిలో అడుగు పెట్టి చూద్దును కదా, టేబుల్ మీద నడిమధ్యన ఆ గాజు గొట్టం. బీరువా తాళం మారుతాళంతో తీయించి తెచ్చారు. కమిటీకి చూపించడానికి అంతకంటే అందమైన వస్తువు సంస్థలో లేదు మరి. ప్రిన్సిపాల్ తనే వైర్లు కలిపాడు. కాథోడ్ అంటే నెగెటివ్ అన్నది ఆయనకి కంఠతా వచ్చు. గొట్టంలో కాథోడ్ ఏదన్నది మాత్రం తెలియదు. నడుమ నిలబెట్టిన రేకు అందంగా ఉంది కాబట్టి అసలు సరుకు అదేననుకుని నెగెటివ్ దానికి పెట్టాడు. గొట్టంలో ఏదో వెలుగు వచ్చింది, ఊదాగా, పచ్చగా, కదులుతూ. నీడ మాత్రం పడలేదు. పడదు కూడా. వెలుగు చూసి ఆయన తృప్తిపడి, కమిటీ వచ్చేదాకా అలాగే ఉంచమన్నాడు.

కమిటీ పెద్దమనిషి లోపలికి వస్తుంటే ఆయన వెనకాలే మేడం వచ్చారు. బీరువా ఖాళీగా చూసి సిటీ బస్సెక్కి వచ్చేశారు. చెమటలు కారుతున్నాయి. ఆయన గొట్టాన్ని చూసి "వెరీ నైస్, కలర్ బాగుంది," అన్నాడు.

"ఉల్టా పెట్టిన్రు సార్," అన్నారు మేడం. "నీడ పడాలె. పడలే."

ఆయన తిరిగి చూశాడు. ప్రిన్సిపాల్ తడుముకోకుండా, "మా సీనియర్ ఫిజిక్స్ మేడం అండీ," అని పరిచయం చేశాడు.

"అలాగా! ఈ ల్యాబ్ ఎన్నాళ్లనుంచి ఉందమ్మా ఇక్కడ?"

"పొద్దుగాల వచ్చింది సార్. మీరు పోయినంక పోతది."

అప్పుడా పెద్దమనిషి నవ్వాడు. కడుపు కదిలేలా నవ్వాడు. "మేడంగారికి జోకులు బాగా వచ్చండీ!" అన్నాడు. ప్రిన్సిపాల్ నవ్వాడు, జువాలజీ మేడం నవ్వింది, గుమ్మంలో యాదన్న కూడా నవ్వాడు. ఆ పెద్దమనిషికి నిజం తెలియదని నేను అనుకోను. ఆయన కళ్లముందే బీకర్లు ఇంకా సగం పెట్టెల్లో, గడ్డిలో ఉన్నాయి. నవ్వుతూనే సంతకం పెట్టి, జీడిపప్పు తిని వెళ్లిపోయాడు.

మేడం స్విచ్చి తీసి, గొట్టం చల్లారేదాకా నిలబడ్డారు. గాజు లోపలంతా నల్లటి మసి పట్టినట్టయింది. అలా తిరగేసి అంతసేపు నడిపితే రేకులోని లోహం లేచి గాజుకి అంటుకుంటుందట. మర్నాడు ఉప్పల్లో సరిగ్గా కలిపి చూశారు. లావుపాటి వైపు ఏదో మసక తప్ప ఏమీ రాలేదు. ఆవిడ అరుస్తారని చూశాను. ఎవరినీ తిట్టలేదు. గొట్టాన్ని గుడ్డల్లో చుట్టి బీరువాలో పెట్టి తలుపు దగ్గరికి వేశారు, తాళం వేయలేదు. నాకు చాలా బాధేసింది, కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ రెండింటితో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మా దగ్గర ఎవరినీ పొమ్మనరు. స్టడీ అవర్ డ్యూటీ వేస్తారు. మేడంకి అన్నోజిగూడ బ్రాంచీలో వేశారు. పెద్ద హాలు, వందల మంది పిల్లలు తల వంచుకుని చదువుతుంటారు, వాళ్లు మాట్లాడకుండా చూడటం పని. పాఠం చెప్పకూడదు, ఎవరైనా డౌట్ అడిగితే రేపు మీ సార్‌ని అడుగు అనాలి. నాచారం నుంచి రెండు బస్సులు మారి వెళ్లేవారు. అలా విద్యాసంవత్సరం చివరిదాకా వెళ్లి, మానేశారు. ఇరవై ఏళ్లు పైగా పనిచేసిన మనిషికి ఒక కప్పు టీ ఇచ్చి పంపడం కూడా ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత ఒక్కసారి కలిశారు, నాచారం చౌరస్తాలో కూరగాయల బండి దగ్గర. చిక్కిపోయారు. భుజం మీద ఆ క్లిప్పు లేదు.

"ట్యూషన్లు చెప్పొచ్చు కదా మేడం?" అన్నాను.

"వస్తనే ఉన్నరు సారూ. షార్ట్‌కట్లు చెప్తరా అని అడుగుతున్నరు."

"మీరేమన్నారు?"

"తూర్పు ఎటు అని అడిగిన. మళ్ల రాలే."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆవిడ వంకాయ ఒకటి చేతిలో తిప్పుతూ, బండివాడు వింటున్నాడని కూడా చూడకుండా, "గా పెద్దమనిషి నవ్విండు సూడున్రి సారూ, గదే మర్చిపోతలేను," అన్నారు. "తిట్టినా బాగుండు. సస్పెండ్ జెయ్యమన్నా బాగుండు. నిజం జెప్తె జోకన్నడు. ఇగ ఏం జెప్పాలె, ఎవలకు జెప్పాలె?" ఆవిడ వంకాయలు తూయించుకుని వెళ్లిపోయారు.

అదే ఆఖరు చూపు అయింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక వాళ్లిల్లు. నేను వెళ్లేసరికి వాకిట్లో షామియానా కడుతున్నారు. ఆవిడ భర్త, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన నెమ్మదైన మనిషి, నన్ను చూసి లేచి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"గుండె సారూ. దవాఖానాకు తోలుకపోయేదాంక గూడ ఆగలే." కాసేపు ఏడ్చి, కండువాతో మొహం తుడుచుకుని, "మీ కాలేజోళ్లు పొద్దుగాల్నే వచ్చిన్రు. ప్రిన్సిపాల్ సారే స్వయంగ వచ్చిండు. పెద్ద దండ దెచ్చిన్రు. ఆమె పేరు మీద ల్యాబ్ పెడ్తరంట. ఫొటో గావాలన్నరు. పేరు ఎట్ల రాయాలె, డిగ్రీలు ఏమేం ఉన్నయి అన్ని అడిగిన్రు. మస్తు గౌరవం జేస్తున్నరు సారూ," అన్నాడు.

ఆయన మొహంలో ఆ దుఃఖంలో కూడా కాస్త గర్వం కనిపించింది. తల ఊపాను.

నెల తిరక్కుండానే ప్రారంభోత్సవం చేశారు. ల్యాబ్ గదికి బంతిపూల దండలు. తలుపు మీద నల్లటి నున్నటి బోర్డు, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఆవిడ పేరు, డిగ్రీలు, కింద "స్మారక భౌతికశాస్త్ర ప్రయోగశాల". బోర్డు మీదే ఒక మూల ఫొటో. ప్రిన్సిపాల్ విలువల గురించి మాట్లాడాడు, నిజాయితీ గురించి కూడా మాట్లాడాడు, ఆయన గొంతు ఎక్కడా వణకలేదు. మేడం భర్త రిబ్బన్ కత్తిరించి, ఆ అక్షరాల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి తడిమి వెక్కి వెక్కి ఏడ్చాడు. చూసి నేను కూడా మెత్తబడ్డాను. పోనీలే, పోయాకైనా బుద్ధి వచ్చింది అనుకున్నాను. బోర్డుని మేకులతో బిగించకుండా రెండు కొక్కేలకి తగిలించారని చూశాను గాని పట్టించుకోలేదు.

ఆ తర్వాత, నేను వెళ్లని తనిఖీలు ఒకటి రెండు అయ్యాక, పీర్జాదిగూడలో తనిఖీ వచ్చింది. కాలేజీ కింద యాదన్న ఆటోలోకి సామాను ఎక్కిస్తున్నాడు. బీకర్ల పెట్టెల మీద, హాస్టల్ దుప్పట్లో చుట్టి, ఆ బోర్డు.

"ఇదెందుకు యాదన్నా?" అన్నాను.

"మస్తు పనికొస్తున్నది సారూ ఇది," అన్నాడు యాదన్న, మోకు బిగిస్తూ. "ఎనకట కమిటీ సార్లు గిదేంది గదేంది అని అడుగుతుండె. ఇప్పుడు మేడం ఫొటో సూసి, చెప్పులిడిసి, దండం బెట్టి, మాటాడకుంట సంతకం జేసి పోతున్నరు. ప్రిన్సిపాల్ సార్ జర పైలంగ తీసుకపొమ్మన్నడు."

బతికున్నంత కాలం ఆవిడ తన పేరు ఇవ్వననే చెప్పారు. ఉద్యోగం పోతున్నా ఇవ్వలేదు. ఇప్పుడు అడగాల్సిన పని లేకుండా తీసుకున్నారు.

మొన్న ఆవిడ భర్త ఫోన్ చేశాడు. "మా చెల్లె జనగామకెల్లి వచ్చింది సారూ. వదినె పేరు మీద ల్యాబ్ పెట్టిన్రంట గద, సూస్త అంటున్నది. బుధవారం వస్తె తెరిచి ఉంటదా?"

"కనుక్కుని చెబుతానండీ," అని పెట్టేసి కిందికి దిగి యాదన్నని అడిగాను. చెప్పాడు. తిరిగి పైకి వచ్చి, ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బుధవారం కాలేజీకి సెలవు అందామా, రంగులు వేస్తున్నారు అందామా అని రకరకాలుగా ఆలోచించాను. ఒక్కటీ నోటికి రాలేదు. ఆ మనిషితో అబద్ధం ఆడటం నా వల్ల కాలేదు. ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"బుధవారం మేడం బోర్డు ఉప్పల్లో ఉండదండీ. ఆ రోజు తనిఖీ ఉంది. అన్నోజిగూడ తీసుకెళ్తున్నారు."

అటువైపు వెనకాల ఎవరో ఆడమనిషి ఏమైందని అడగడం వినిపించింది.

"మళ్ల అన్నోజిగూడకే తోలిన్రా సారూ ఆమెను?" అన్నాడు.